ఊరుమ్మడి కరెంటు

మకర సంక్రాంతికి గంగాసాగర స్నానం చేయాలని దేశం నలుమూలల నుంచీ లక్షల మంది బయలుదేరతారు. వాళ్లలో తెలుగు యాత్రికులూ ఉంటారు. కోల్‌కతాకు దక్షిణాన, హుగ్లీ నది సముద్రంలో కలిసే చోట సాగర్ ద్వీపం ఉంది. కాక్‌ద్వీప్ వైపు నుంచి మురిగంగ అనే వెడల్పాటి పాయను పడవ మీద దాటితేనే అక్కడికి చేరగలం. యాత్రికులు మునక వేసి, కపిలముని గుడి చూసుకుని తిరుగు పడవ ఎక్కుతారు. ద్వీపం మీదే పుట్టి పెరిగిన జనానికి మాత్రం ఒకప్పుడు మిగతా ఏడాదంతా పొద్దు గుంకితే కిరసనాయిలు దీపమే దిక్కుగా ఉండేది. కరెంటు స్తంభాలు పాయ అవతలి ఒడ్డు దాకా వచ్చి ఆగిపోయాయి. కొన్ని బజార్ల దగ్గర మాత్రం డీజిల్ జనరేటర్లు సాయంత్రం కాసేపు తిరిగేవి.

1996లో ఆ ద్వీపంలోని కమల్‌పూర్ అనే ఊళ్లో 26 కిలోవాట్ల సౌర విద్యుత్ కేంద్రం మొదలైంది. పశ్చిమ బెంగాల్ పునరుత్పాదక ఇంధన అభివృద్ధి సంస్థ దాన్ని కట్టింది. ఆ పని వెనక ఉన్న ఇంజనీరు శాంతిపద గన్ చౌధురి. ఆ తర్వాత కొన్నేళ్లలోనే ద్వీపంలోని మృత్యుంజయ్‌నగర్, ఖాస్‌మహల్, గాయెన్‌బజార్ వంటి ఊళ్లలోనూ, పక్కనున్న మౌసుని ద్వీపంలోనూ ఇలాంటి కేంద్రాలు లేచాయి. 2003లో బ్రిటన్‌కు చెందిన యాష్‌డెన్ అవార్డు ఈ పనిని వెతుక్కుంటూ వచ్చింది.

26 కిలోవాట్లంటే ఎంతో ఈనాటి లెక్కలో చెప్పుకుంటే బాగా తెలుస్తుంది. తెలంగాణలోని కొండారెడ్డిపల్లిలో 2025 నాటికి ఒక్కో ఇంటి మీద 3 కిలోవాట్ల ప్యానెళ్లు పెట్టారు. అక్కడి తొమ్మిది ఇళ్ల కప్పుల మీద ఉన్నంత బలం కూడా లేని కేంద్రం కమల్‌పూర్‌లో ఒక పల్లె సాయంత్రాన్ని నడిపింది. ఒక కిలోవాటు ప్యానెల్ రోజుకు సుమారు నాలుగు యూనిట్లు ఇస్తుంది. ఆ లెక్కన మంచి ఎండ కాసిన రోజున ఊరంతటికీ కలిపి చేతికొచ్చేది నూరు యూనిట్లు. ఈ రోజుల్లో పట్నంలో రెండు ఏసీలున్న ఇల్లు వేసవిలో నాలుగైదు రోజుల్లో అంత ఖర్చు పెట్టేస్తుంది.

అంత కొద్ది కరెంటును అందరికీ పంచాలంటే కట్టుబాటు కావాలి. కంచె వేసిన స్థలంలో ప్యానెళ్లు, పక్క గదిలో బ్యాటరీల వరుసలు, గోడకు ఇన్వర్టర్, అక్కడి నుంచి స్తంభాల మీదుగా ఇళ్లకు తీగ. పగలంతా ఎండ బ్యాటరీలను నింపేది. చీకటి పడ్డాక ఐదారు గంటలు సరఫరా ఇచ్చి, తర్వాత ఆపేసేవారు. ఇంటికి ఇన్ని పాయింట్లని ముందే ఒప్పందం, పాయింట్లను బట్టి నెలవారీ రుసుము. ఒక ఇంట్లో ఇస్త్రీపెట్టె పెట్టినా, హీటరు పెట్టినా పక్కింట్లో చదువుకుంటున్న పిల్లవాడి దీపం ఆరిపోతుంది. అందుకే ఎవరు ఏం వాడాలో, బాకీ పడ్డవారిని ఏం చేయాలో తేల్చడానికి వాడకందార్లతోనే ఒక కమిటీ పెట్టారు. కేంద్రాన్ని నడిపేవాడు ఊళ్లోనే ఉండేవాడు.

తెలుగు పల్లెలకు ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. చెరువు కింది ఆయకట్టు నడిచిందే ఇలాగ. తెలంగాణలో నీరటికాడు, రాయలసీమలో నీరుగంటి అని పిలిచే మనిషి తూము ఎత్తేవాడు, దించేవాడు. ఏ మడికి ఎప్పుడు ఎంత నీరు పోవాలో చూసేవాడు. కోతల్లో కళ్లం దగ్గర అతనికి గింజలు కొలిచేవారు. చెరువు ఊరుమ్మడిది, దాన్ని చూసే మనిషిని పెట్టుకున్నది ఊరు, కాబట్టి పూడిక తీయాల్సి వచ్చినా, కట్ట తెగినా ఊరే కదిలేది. పేదవాడి ఇంటికి సౌర విద్యుత్తు చేరిన ముప్పై ఏళ్ల చరిత్రను ఈ చెరువు కట్ట మీద నిలబడి చూస్తే చాలా సంగతులు స్పష్టమవుతాయి. ఎక్కడ ఈ కరెంటును ఊరు తనదనుకుందో అక్కడ అది నిలిచింది. ఎవరో కట్టిచ్చి వెళ్లిన చోట మొదటి బ్యాటరీ చచ్చిన నాడే దానికీ కాలం తీరింది.

*

పేదల ఇళ్లకు సౌర విద్యుత్తు ఉమ్మడిగానే ఎందుకు మొదలైందంటే మొదటి కారణం ధర. ఢిల్లీ శివార్లలో సాహిబాబాద్‌లో 1974లో పెట్టిన ప్రభుత్వ సంస్థ సెంట్రల్ ఎలక్ట్రానిక్స్ లిమిటెడ్ 1977లో దేశంలోనే తొలి సౌర ఘటాన్ని తయారుచేసింది. ఆ ఏడు ప్రపంచ మార్కెట్లో ఘటాల ధర ఒక్కో వాటుకు సుమారు 76 డాలర్లు. ఉపగ్రహాలకు తప్ప ఊళ్లకు అందే ధర కాదది. 1982లో కేంద్రం సంప్రదాయేతర ఇంధన వనరుల విభాగం పెట్టింది. 1986లో ఆంధ్రప్రదేశ్‌లో అదే పనికి రాష్ట్ర సంస్థ నెడ్‌క్యాప్ పుట్టింది. అప్పటికి ఒక ఇంటికి ఒక ప్యానెల్ అనేది కలలో మాట. ఊరికి ఒక కేంద్రం అంటే ప్రభుత్వం భరించగలదు.

రెండో కారణం ఇల్లే. కప్పు మీద సోలార్ అన్న మాట వినగానే ఎవరి డాబా అని అడగాలి. పూరిల్లు ప్యానెళ్ల బరువు మోయదు. పెంకుటింటి మీద వాటిని బిగించడం కష్టం. అద్దె ఇంటి కప్పు యజమానిది. కాలనీలో నాలుగు వాటాల ఇంట్లో నేల వాటాలో ఉన్నవాళ్లకు కప్పే లేదు. నీడ పడని, గట్టి, సొంత కప్పు ఉన్న కుటుంబం అప్పటికే ఒక మెట్టు ఎక్కిన కుటుంబం. ఈ చిక్కు 1996లో ఎంత ఉందో ఇవాళా అంతే ఉంది. సబ్సిడీ పథకాలు రాసేవారు తరచూ మరిచిపోయే సంగతి కూడా ఇదే.

మూడో కారణం లెక్కల్లో దాక్కుంది. ఊరికి కరెంటు వచ్చిందని సర్కారు చెబితే దాని అర్థమేమిటి? 1997 దాకా ఉన్న నిర్వచనం ప్రకారం గ్రామ రెవెన్యూ హద్దుల్లో ఏ పనికైనా, ఒక్క చోట కరెంటు వాడితే చాలు, ఆ ఊరు విద్యుదీకరణ జరిగిన ఊరే. పొలంలో ఒక్క మోటారు తిరిగితే ఊరి పేరు పూర్తయిన జాబితాలోకి ఎక్కేది. 2004లో నిర్వచనం మార్చి, దళితవాడలో కూడా లైను, ట్రాన్స్‌ఫార్మర్ ఉండాలనీ, కనీసం నూటికి పది ఇళ్లకు కనెక్షన్ ఉండాలనీ అన్నారు. అంటే తొంభై ఇళ్లు చీకట్లో ఉన్నా ఆ ఊరు వెలుగులో ఉన్నట్టే లెక్క. 2018 ఏప్రిల్ 28న మణిపూర్‌లోని లైసాంగ్‌తో దేశంలో చివరి గ్రామానికీ కరెంటు చేరిందని ప్రకటించింది ఈ లెక్క మీదే. మిగిలిపోయిన ఇళ్ల కోసం 2017లోనే సౌభాగ్య పథకం పెట్టాల్సి వచ్చింది. ఆ మిగిలిన ఇళ్లు ఎవరివో తెలుగు పాఠకులకు వివరించనక్కర లేదు. ఊరి చివర వాడ, కొండ మీద గూడెం, లంక మీద గుడిసె.

*

సౌర విద్యుత్తు రాకముందే కరెంటును ఊరుమ్మడి చేసిన చోటు తెలుగు నేల మీదే ఒకటుంది. అది సిరిసిల్ల. దాని మూలం మాత్రం అమెరికాలో ఉంది.

1930ల మధ్యలో అమెరికాలో పదింట ఒక పొలానికి మించి కరెంటు లేదు. దూరంగా ఉన్న కమతాలకు తీగ లాగితే లాభం రాదని ప్రైవేటు కంపెనీలు పక్కకు తప్పుకున్నాయి. రైతులు సహకార సంఘాలు పెట్టుకుని, ప్రభుత్వం దగ్గర తక్కువ వడ్డీకి అప్పు తెచ్చి, తామే స్తంభాలు పాతుకున్నారు. 1969లో భారత ప్రభుత్వం గ్రామీణ విద్యుదీకరణ సంస్థను పెట్టినప్పుడు ఆ అమెరికన్ సహకార సంఘాల సమాఖ్య నిపుణులు ఇక్కడికి వచ్చారు. వారి సలహాతో దేశంలో ఐదు చోట్ల విద్యుత్ సహకార సంఘాలు మొదలయ్యాయి: కర్ణాటకలో హుక్కేరి, మహారాష్ట్రలో ముళా ప్రవర, గుజరాత్‌లో కోడినార్, ఉత్తరప్రదేశ్‌లో లక్నో, ఆంధ్రప్రదేశ్‌లో సిరిసిల్ల.

సిరిసిల్ల సహకార విద్యుత్ సరఫరా సంఘాన్ని జనం ‘సెస్’ అని పిలుచుకుంటారు. కనెక్షన్ తీసుకున్నవాడు సంఘంలో వాటాదారు. సంఘం విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం) దగ్గర కరెంటు టోకున కొని సభ్యులకు సరఫరా చేస్తుంది. పాలకవర్గాన్ని సభ్యులు ఓట్లేసి ఎన్నుకుంటారు. ఆ ఎన్నికలు శాసనసభ ఎన్నికలంత పట్టుదలతో జరుగుతాయి. మరమగ్గాల ఊరికి కరెంటే కూడు కాబట్టి అందులో ఆశ్చర్యపడాల్సిందేమీ లేదు. రాజకీయాలు, బకాయిలు, ఆరోపణలు సెస్‌కు తప్పలేదు. ముళా ప్రవర బకాయిల భారంతో 2011లో చేతులెత్తేసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో తర్వాత పుట్టిన సంఘాలు కొన్ని డిస్కంలలో కలిసిపోయాయి. సెస్ మాత్రం అర్ధ శతాబ్దం దాటి, రాష్ట్రం మారి, జిల్లా మారి ఇంకా బిల్లులు ఇస్తోంది. సౌర విద్యుత్తును ఉమ్మడిగా నడపడం సాధ్యమా అని అడిగేవారికి చూపించడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ ఇంకొకటి దొరకదు. తీగలో ఏ కరెంటు పారినా సంఘం సంఘమే.

*

బ్యాటరీల మాట మళ్లీ ఎత్తక తప్పదు. ఉమ్మడి సౌర కేంద్రాల చరిత్రలో సగం బ్యాటరీల చరిత్రే. ప్యానెల్ పాతికేళ్లు పనిచేస్తుంది. సీసం బ్యాటరీ జాగ్రత్తగా చూసుకుంటే ఐదారేళ్లు. నీళ్లు తగ్గితే డిస్టిల్డ్ వాటర్ పోయాలి, టెర్మినళ్లకు పట్టిన తెల్ల పొడి తుడవాలి, పూర్తిగా ఖాళీ కానివ్వకూడదు. ముసురు పట్టిన వారం రోజుల్లోనూ మామూలు రోజుల్లాగే కరెంటు వాడితే వాటి ఆయుష్షు తరుగుతుంది. ఐదో ఏటో ఆరో ఏటో ఒకేసారి లక్షల రూపాయల ఖర్చు మీద పడుతుంది. నెలనెలా వచ్చే రుసుములోంచి ఆ రోజు కోసం పక్కన పెట్టిన ఊరు గట్టెక్కుతుంది. ప్రారంభోత్సవానికి మంత్రులు వస్తారు, బ్యాటరీ మార్చే రోజున మాత్రం ఎవరూ రారు.

ఈ సంగతిని ముందుగా గట్టిగా పట్టుకున్నది రాజస్థాన్‌లోని తిలోనియా. అజ్మీర్ జిల్లాలోని ఆ పల్లెలో బంకర్ రాయ్ 1972లో పెట్టిన సంస్థ తర్వాతి కాలంలో బేర్‌ఫుట్ కాలేజీగా పేరు పొందింది. అక్కడ సౌర దీపాలు బిగించడం, బాగుచేయడం నేర్పేది పెద్దగా చదువుకోని ఆడవాళ్లకు. అందులో చాలామంది నడివయసు దాటినవారు, అమ్మమ్మలు. పుస్తకం లేదు, పరీక్ష లేదు. తీగల రంగులు చూపించి, చేత్తో చేయించి ఆరు నెలల్లో సర్క్యూట్ అమర్చడం నేర్పుతారు. యువకులకు నేర్పితే సర్టిఫికెట్ చేతబట్టుకుని పట్నం పోతారనీ, అమ్మమ్మ ఊరు విడిచిపోదనీ బంకర్ రాయ్ ఎన్నోసార్లు చెప్పారు. ఊరి కమిటీ ముందుగా కూర్చుని, ఇప్పటిదాకా కిరసనాయిలుకూ కొవ్వొత్తులకూ టార్చి బ్యాటరీలకూ నెలకెంత పోస్తున్నారో లెక్కవేసి, దాన్ని బట్టే రుసుము నిర్ణయిస్తుంది. ఆ డబ్బులోంచి ఊళ్లో దీపాలు చూసే ఆమెకు జీతం. 2008 నుంచి భారత ప్రభుత్వ సహకారంతో ఆఫ్రికా దేశాల నుంచి కూడా స్త్రీలు వచ్చి నేర్చుకుని వెళ్లారు. దీపాలు చూసే మనిషికి ఊరే జీతమివ్వడం నీరటికాడికి గింజలు కొలిచిన పద్ధతే, కొత్త రూపంలో.

కర్ణాటకలో హరీశ్ హందే 1995లో ప్రారంభించిన సెల్కో అనే సౌర సంస్థ డబ్బు వైపు నుంచి పని మొదలుపెట్టింది. పేదవాడు సోలార్ కొనలేడన్న మాటను హందే ఒప్పుకోలేదు. వీధిలో తోపుడు బండి మీద అమ్ముకునే ఒకామె నెలకు మూడు వందలంటే భారమనీ, రోజుకు పది రూపాయలైతే కట్టగలననీ చెప్పిందని ఆయన అనేక సభల్లో చెబుతూ వచ్చారు. లెక్కకు రెండూ ఒకటే. కానీ ఆమె చేతికి డబ్బు వచ్చేది రోజూ సాయంత్రం, నెలాఖరున కాదు. గ్రామీణ బ్యాంకులను ఒప్పించి, కోతల నాడు రైతుకు, రోజువారీగా చిరువ్యాపారికి వాయిదాలు కుదిర్చిన ఆ పనికి 2011లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది.

రోజుకు ఇంత అన్న లెక్క నెల్లూరు జిల్లా ఆడవాళ్లకు అంతకు ముందే తెలుసు. 1992లో దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం చల్లారాక, 1993లో అదే జిల్లాలో రోజుకో రూపాయి దాచుకునే పొదుపు లక్ష్మి సంఘాలు పుట్టాయి. పొదుపు నుంచి అప్పు, అప్పు నుంచి బ్యాంకు ఖాతా, అక్కడి నుంచి మండల సమాఖ్య దాకా తెలుగు స్త్రీలు నడిచి వచ్చారు. ఈ వ్యాసం చివర్లో వాళ్లు మళ్లీ వస్తారు.

*

బిహార్‌లోని జహానాబాద్ జిల్లాలో ధర్నై అనే ఊరు ఉంది. దాని కథను ఉమ్మడి సోలార్ గురించి మాట్లాడే ప్రతి ఒక్కరూ తెలుసుకోవాలి.

1980ల మొదట్లో ఆ ఊరి ట్రాన్స్‌ఫార్మర్ పాడైంది. మళ్లీ ఎవరూ బాగుచేయలేదు. ముప్పై ఏళ్లు పైగా చీకటి. 2014 జులైలో గ్రీన్‌పీస్ సంస్థ మరో రెండు సంస్థలతో కలిసి అక్కడ 100 కిలోవాట్ల సౌర కేంద్రం కట్టింది. ఆ రెంటిలో ఒకటి హైదరాబాద్ కేంద్రంగా ఎదిగిన బేసిక్స్. సుమారు 450 ఇళ్లు, 2,400 మంది జనం. ఖర్చు దాదాపు 3 కోట్ల రూపాయలు. అందులో 70 కిలోవాట్లు ఇళ్లకూ దుకాణాలకూ, 30 కిలోవాట్లు నీటి పంపులకూ కేటాయించారు. వీధి దీపాలు వెలిగాయి. రాత్రి పూట ఆడవాళ్లు బయటికి రాగలిగారు. పిల్లలు చదువుకున్నారు. దేశంలో పత్రికలన్నీ రాశాయి.

ఆగస్టులో, అప్పటికి బిహార్ మాజీ ముఖ్యమంత్రిగా ఉన్న నీతీశ్ కుమార్ ఊరు చూడటానికి వచ్చారు. జనం నిరసనగా నిలబడ్డారు. తమకు అసలు కరెంటు కావాలి, నకిలీ కరెంటు కాదు అన్నారు.

ఆ మాట కట్టినవాళ్ల గుండెల్లో గుచ్చుకునే మాటే. కానీ ఊరివాళ్ల వైపు నుంచి చూస్తే న్యాయం కనిపిస్తుంది. సౌర కేంద్రం ఇచ్చే కరెంటుతో ఫ్రిజ్ పెట్టవద్దన్నారు, పెద్ద లోడు వేయవద్దన్నారు. యూనిట్ ధర చూస్తే సర్కారు లైను కన్నా ఎక్కువ. పక్క ఊళ్లో పేదవాడికి సబ్సిడీ కరెంటు వస్తుంటే, ఈ ఊరి పేదవాడు తక్కువ కరెంటుకు ఎక్కువ డబ్బు ఎందుకివ్వాలి? కొద్ది రోజుల్లోనే సర్కారు ట్రాన్స్‌ఫార్మర్ వచ్చింది. అందరూ అటు మళ్లారు. రుసుములు ఆగాయి, బ్యాటరీలు పోయాయి. 2021లో ఆ ఊరికి వెళ్లిన విలేకరులకు సౌర కేంద్రం ఆవరణ పశువుల కొట్టంగా కనిపించింది.

సోలార్ మోసం కాబట్టి ధర్నై చెడిందనడం తప్పు. ఊరివాళ్లు కృతఘ్నులు అనడం అంతకన్నా పెద్ద తప్పు. ఊరుమ్మడి కేంద్రాన్నీ సర్కారు తీగనూ కలిపే దారి వేయకపోవడమే అసలు లోపం. రెండూ పోటీ పడ్డాయి, సబ్సిడీ ఉన్నది గెలిచింది. ప్యానెళ్లు మాత్రం ఎండలో అలాగే ఉన్నాయి. అవి చేసే కరెంటును ఆ ట్రాన్స్‌ఫార్మర్ ద్వారానే గ్రిడ్డుకు అమ్ముకునే ఏర్పాటు ఉంటే ధర్నై నెలనెలా ఆదాయం చూసేది.

సాగర్ ద్వీపంలోనూ కథ ఇదే మలుపు తిరిగింది. మురిగంగ మీదుగా ఎత్తైన టవర్లు నిలిపి గ్రిడ్ లైను లాగాక చిన్న కేంద్రాలు ఒక్కొక్కటిగా వెనకబడ్డాయి. బంగ్లాదేశ్‌లో 2003లో ఐడ్‌కాల్ అనే ప్రభుత్వ ఆర్థిక సంస్థ మొదలుపెట్టిన కార్యక్రమం వాయిదాల మీద 40 లక్షలకు పైగా ఇళ్లకు చిన్న సౌర వ్యవస్థలు ఇచ్చింది. సుమారు 2 కోట్ల మందికి వెలుగు. ప్రపంచంలో అంత పెద్దది మరొకటి లేదు. అక్కడా తీగ ముందుకు వచ్చేసరికి, దానికి తోడు ఉచితంగా పంచే పథకాలు వచ్చేసరికి వాయిదాల వ్యాపారం కూలింది. 2016లో ఉత్తరప్రదేశ్ తన మినీగ్రిడ్ విధానంలో తొలిసారిగా గ్రిడ్ వస్తే చిన్న కేంద్రం ఏమవ్వాలో రాసింది. కేంద్రం గ్రిడ్డుకు కరెంటు అమ్ముకోవచ్చు, లేదా ధర తీసుకుని తప్పుకోవచ్చు. ఆ నాలుగు వాక్యాలు ధర్నైకి రెండేళ్లు ఆలస్యంగా వచ్చాయి.

*

తీగతో పోటీ పడకుండా తీగనే వాడుకోవడం రెండో తరం ఆలోచన. ప్యానెళ్లు ఊరి చివర ఒక చోట, అక్కడి కరెంటు గ్రిడ్డులోకి, దాని విలువ మాత్రం వాటాదారుల ఇళ్ల బిల్లుల్లో తగ్గింపుగా. కప్పు లేనివాడికీ, అద్దెకున్నవాడికీ వాటా ఉంటుంది. అమెరికాలో కొలరాడో రాష్ట్రం 2010లో ఇందుకు చట్టం చేసింది, మిన్నెసోటా 2013లో. తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాలకు సౌర విద్యుత్తు అందించడానికి 2022 చట్టం కింద 700 కోట్ల డాలర్ల పథకం పెట్టారు. 2024లో అరవై సంస్థలకు కేటాయింపులు జరిగాయి. 9 లక్షల కుటుంబాలకు చేరాల్సిన ఆ పథకాన్ని 2025 ఆగస్టులో అక్కడి పర్యావరణ సంస్థ రద్దు చేసింది. మన దేశంలో ఢిల్లీ 2019లో, బిల్లుల్లో వాటా తగ్గించే ఈ పద్ధతికి మార్గదర్శకాలు ఇచ్చింది.

మిగతా రాష్ట్రాల్లో బాట కొంత వేరుగా నడిచింది. గుజరాత్‌లో సూర్య దేవాలయం ఉన్న మొఢేరాను 2022 అక్టోబరులో పూర్తి సౌర గ్రామంగా ప్రకటించారు. 6 మెగావాట్ల ప్లాంటు, పెద్ద బ్యాటరీ, వెయ్యికి పైగా ఇళ్ల మీద ప్యానెళ్లు. ఖర్చు 80 కోట్ల రూపాయలకు పైనే. 2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ పథకం వచ్చింది. లక్ష్యం కోటి ఇళ్లు, 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ. నాగర్‌కర్నూల్ జిల్లాలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి సొంతూరు కొండారెడ్డిపల్లి 2025 సెప్టెంబరులో ఆ బాటలో పూర్తి సౌర గ్రామమైంది. 480 ఇళ్లు, 11 ప్రభుత్వ భవనాలు, 10.53 కోట్ల రూపాయలు. మిగిలిన కరెంటుకు ఇంటింటికీ ఆదాయం. ఆంధ్రప్రదేశ్ 20 లక్షల ఎస్సీ, ఎస్టీ కుటుంబాల ఇళ్ల మీద 2 కిలోవాట్ల ప్యానెళ్లు ఉచితంగా పెడతామని ప్రకటించింది.

ఈ చివరి నిర్ణయంలో లెక్క ఉంది. రెండు కిలోవాట్లు నెలకు సుమారు 240 యూనిట్లు ఇస్తాయి. ఆ కుటుంబాలకు 200 యూనిట్ల దాకా కరెంటు ఇప్పటికే ఉచితం, దాని ఖర్చు ఖజానా మీదే. కప్పు మీద తయారయ్యే ప్రతి యూనిట్ ఆ భారాన్ని తగ్గిస్తుంది. సున్నా బిల్లు వస్తున్న ఇంటికి ప్యానెల్ పెట్టినందువల్ల దక్కేదేమిటన్న ప్రశ్న మాత్రం మిగులుతుంది. మిగులు యూనిట్ల డబ్బు ఆ ఇంటి ఖాతాలో పడాలి. లేకపోతే కప్పు పేదవాడిది, లాభం ఇంకొకరిది అవుతుంది. కప్పే సరిగా లేని ఇళ్ల సంగతి దీని తర్వాత కూడా అలాగే ఉంది.

అందుకే తెలంగాణలో మహిళా సంఘాలతో 1,000 మెగావాట్ల సౌర ప్లాంట్లు పెట్టించాలన్న నిర్ణయాన్ని ముప్పై ఏళ్ల ఈ చరిత్రలో అన్నిటికన్నా శ్రద్ధగా చూడాలి. కట్టేది సంఘం పేరు మీద, కరెంటు కొనేది డిస్కం, డబ్బు వచ్చేది సంఘానికి. కప్పుతో పని లేదు. గ్రిడ్డుతో పోటీ లేదు. రాత్రి కోసం దాచే బాధ లేదు కనుక పాత ఉమ్మడి కేంద్రాలను పీడించిన బ్యాటరీ బెడదా లేదు. వాయిదాలు కట్టడం, పద్దు రాయడం, బాకీదారు ఇంటికి నలుగురూ కలిసి వెళ్లడం ఈ స్త్రీలకు ముప్పై ఏళ్లుగా అలవాటు. ధర్నైలో కొరవడినదంతా ఇక్కడ సిద్ధంగా ఉంది.

సిద్ధంగా లేనిది ఒకటుంది. ఇన్వర్టర్ పదేళ్లకో పన్నెండేళ్లకో మార్చాల్సి వస్తుంది. దుమ్ము పట్టిన ప్యానెళ్లను వారం వారం కడగాలి. గడ్డి నీడ పడకుండా కోయాలి. మీటరు రీడింగ్ తప్పు చూపిస్తే పట్టుకోగలగాలి. ఈ పనులు వచ్చినవాళ్లు సంఘంలోనే ఉండాలి. కాంట్రాక్టరు మనిషి కోసం ఫోన్లు చేస్తూ కూర్చునే సంఘానికి ప్లాంటు ఉన్నా పట్టు ఉండదు. తిలోనియా అమ్మమ్మలకు ఆరు నెలల్లో వచ్చిన విద్య పాలమూరు, ఆదిలాబాద్ ఆడవాళ్లకు రాకపోదు. నేర్పే ఏర్పాటు కావాలి, నేర్చుకున్నామెకు నెల జీతం ప్లాంటు ఆదాయంలోంచే రావాలి.

ఊరికి సోలార్ వస్తోందని గ్రామసభ పెట్టిన రోజున చదువుకున్న పిల్లలు అక్కడ కూర్చోండి. ఒప్పందం తెలుగులో అడిగి, సంఘం ముందు బిగ్గరగా చదివించండి. భూమి ఎవరి పేరున ఉందో, యూనిట్‌కు ఎంత ధర, ఎన్నేళ్లకు అని రాశారో చూడండి. పదకొండో ఏట ఇన్వర్టర్ మార్చడానికి డబ్బు ఏ ఖాతాలో పడుతుందో ఆ కాగితంలో లేకపోతే, సంతకం పెట్టే ముందే రాయించండి.